వృద్ధాశ్రమం ఎంపిక: ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతం

ఇంట్లో కనిపెట్టి చూసే మనిషి లేని పెద్దవాళ్ళకు తిండి, పడక, రోజువారీ సాయం ఒకచోట అమర్చే నివాసం వృద్ధాశ్రమం. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, అంటే ఉదయగిరి, ఆత్మకూరు, వాటి చుట్టూ ఉన్న మర్రిపాడు, అనంతసాగరం, సీతారామపురం, దుత్తలూరు, వింజమూరు మండలాల్లో, ఆశ్రమాన్ని ఎంచుకోవడమంటే ముందుగా దూరాన్ని ఎంచుకోవడం. ఊరికి దగ్గర్లో దొరికేవి మామూలుగా దాతల మీద నడిచే చిన్న ఆశ్రమాలు. అన్నానికి లోటుండదు గానీ మనిషి మంచాన పడితే చూసే చేతులు చాలవు. నర్సు, ఆక్సిజన్, పిలిస్తే వచ్చే డాక్టరు ఉన్న చోట్లు నెల్లూరులోనో, తిరుపతి, చెన్నై, హైదరాబాదుల్లోనో ఉంటాయి. అంత దూరంలో చేర్చిన పెద్దామెను చూడ్డానికి ఊరి నుంచి వెళ్ళేవాళ్ళు నెలనెలకూ తగ్గిపోతారు. వచ్చిపోయే మనుషులు లేనిచోట సేవ కూడా పలచబడుతుంది గనక ఆ దూరాన్ని ప్రయాణ ఖర్చుగా మాత్రమే లెక్క వేయకూడదు.

మెట్ట సీమ, వలసలు, మోకాళ్ళు

సోమశిల జలాశయం పుణ్యమా అని ఆత్మకూరు వైపు పెన్నా నీళ్ళు కొంత పారతాయి. ఉదయగిరి వైపు సేద్యమంతా వాన మీదా, బోర్ల మీదా ఆధారం. వానలు తప్పిన ఏళ్ళలో ఇక్కడి జనం బెంగళూరు, చెన్నై, హైదరాబాదు బాట పట్టడం పాత సంగతే. ఇంటిపనికి కువైట్ వెళ్ళినవాళ్ళున్నారు, చదువుకుని అమెరికా చేరినవాళ్ళూ ఉన్నారు. ఊళ్ళో మిగిలింది పెద్దవాళ్ళు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అరవై దాటినవాళ్ళు 8.6 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికే 9.8 శాతం. ఆ తర్వాత రాష్ట్రంలో కాన్పులు ఇంకా తగ్గాయి. 2024 నవంబరులో ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను శాసనసభ ఎత్తేసింది కూడా పిల్లలు తగ్గిపోతున్నారన్న బెంగతోనే.

ఉదయగిరి ప్రాంతపు బోరునీళ్ళకు ఇంకో గుణం ఉంది. చాలా ఊళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలని, వేరే దారి లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణం. అంతకు మించిన నీళ్ళు దశాబ్దాల పాటు తాగిన ఒంట్లో వెన్నుపూస బిగుసుకుంటుంది, మోకాళ్ళు మడతపడవు. అటువంటి పెద్దాయనను కింద కూర్చునే మరుగుదొడ్డి మాత్రమే ఉన్న ఆశ్రమంలో చేరిస్తే, మొదటి వారంలోనే నీళ్ళు తాగడం తగ్గించేస్తాడు. దొడ్డికి పోవడానికి భయం. నీళ్ళు తగ్గితే మూత్రంలో మంట, జ్వరం, మతి తప్పిన మాటలు వరసగా వస్తాయి. ఆశ్రమానికి తొలిసారి వెళ్ళినప్పుడు ఆఫీసు గది కన్నా ముందు బాత్‌రూమ్ చూడాలనేది ఇందుకే: కమోడ్ ఉందా, పక్కన పట్టుకునే కడ్డీ గోడలోకి దిగి ఉందా లేక మేకులకు వేలాడుతోందా, గడప ఎత్తెంత, నేల జారుతుందా. తాగే నీళ్ళు ఎక్కడివో కూడా అప్పుడే అడగాలి.

గుళ్ళు, దర్గాలు చేస్తూ వచ్చిన పని

ఆశ్రమమనే బోర్డు రాకముందు కూడా దిక్కులేని పెద్దవాళ్ళు ఎక్కడో ఒకచోట తలదాచుకునేవారు. నిత్యాన్నదానం జరిగే గుళ్ళు, మఠాలు, సత్రాలే వాళ్ళకు ఆసరా. సీతారామపురం మండలంలోని ఘటిక సిద్ధేశ్వరం, రాపూరు దగ్గరి పెంచలకోన, నెల్లూరుకు చేరువలో వెంకయ్యస్వామి ఆశ్రమం ఉన్న గొలగమూడి వంటి చోట్ల పూటకింత ప్రసాదం దొరుకుతుంది, పడుకోవడానికి మండపం దొరుకుతుంది, ఎవరూ ఎందుకొచ్చావని అడగరు. కొందరు పెద్దవాళ్ళు పిల్లలతో మాట పడలేక తామే అలా వెళ్ళి నెలల తరబడి ఉండిపోతారు. పిల్లలకది పరువు కాపాడే ఏర్పాటు కూడా. నాయన ఆశ్రమంలో ఉన్నాడనడం కన్నా స్వామి సేవలో ఉన్నాడనడం సులువు. కాలూ చెయ్యీ ఆడినంత కాలం ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు. ఆడనినాడు మండపంలో మందులిచ్చే మనిషి ఉండడు.

ఆత్మకూరుకు దగ్గర్లోని అనుమసముద్రంపేట దర్గా సంగతి వేరే చెప్పాలి. ఖాజా నాయబ్ రసూల్ దర్గాకు మతభేదం లేకుండా మనోవ్యాధి ఉన్నవాళ్ళను తీసుకొచ్చి ఉంచడం చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. వయసు మీద పడి మతిమరుపు ముదిరినవాళ్ళను, రాత్రిళ్ళు లేచి తిరిగేవాళ్ళను, అయినవాళ్ళనే పోల్చుకోలేని వాళ్ళను కూడా గాలి సోకిందేమోనని ఇటువంటి చోట్లకు తేవడం మామూలే. మొక్కుకోవడం ఎవరి విశ్వాసం వారిది. కానీ మతిమరుపు జబ్బు మెదడుకు సంబంధించింది. థైరాయిడ్ లోపం, బీ12 తగ్గడం, తలకు తగిలిన దెబ్బ వల్ల వచ్చినదైతే మందులతోనో చికిత్సతోనో నయమయ్యే అవకాశమూ ఉంది. కాబట్టి దర్గాకైనా ఆశ్రమానికైనా ముందు ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర ఒక ప్రైవేటు షెడ్డులో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసిన 28 మంది మనోరోగులు కదల్లేక కాలిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనోరోగులను ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. ఆశ్రమంలో మంచానికి చీరతో కట్టిన చెయ్యి కనబడితే, పడిపోకుండా అంటూ ఎంత మెత్తగా చెప్పినా, అక్కడ మనుషులు చాలడం లేదని అర్థం.

దేశంలో వృద్ధుల కోసమే నడిచే నివాసాల్లో పాతవి క్రైస్తవ సన్యాసినులవి. లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ద పూర్ సంస్థ 1882లో కలకత్తాలో మొదలుపెట్టింది, తర్వాత సికింద్రాబాదులోనూ నెలకొల్పింది. కేంద్ర ప్రభుత్వం స్వచ్ఛంద సంస్థల ఆశ్రమాలకు సాయమివ్వడం 1992లో ఆరంభించింది. ఇప్పుడా సాయం అటల్ వయో అభ్యుదయ యోజన కింద వస్తోంది. ఆ గ్రాంటు అందుకునే ఆశ్రమం లెక్కలు చూపాలి, తనిఖీకి ఒప్పుకోవాలి. ఆ మేరకు అది మంచి గుర్తు.

చట్టం ఏమంటుంది

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం అరవై ఏళ్ళు నిండినవారందరికీ వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ నిబంధనలు 2011లో వచ్చాయి. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు కొడుకులూ కూతుళ్ళ మీదనే కాదు, పెద్దయిన మనవళ్ళూ మనవరాళ్ళ మీద కూడా మనోవర్తి అడగవచ్చు. సంతానం లేనివాళ్ళు తమ ఆస్తి అనుభవిస్తున్న బంధువును, లేదా తమ తర్వాత ఆస్తి చెందబోయే బంధువును అడగవచ్చు. విచారించేది ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్. ఆత్మకూరులో ఆర్డీవో కార్యాలయం ఉంది. తమ మండలం ఏ డివిజను కిందికి వస్తుందో గ్రామ సచివాలయంలో అడిగితే చెబుతారు. లాయరును పెట్టుకోనక్కర్లేదు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. నెలకు 10,000 రూపాయలకు మించి మనోవర్తి ఇప్పించే వీలు చట్టంలో లేదు. పెద్దవాళ్ళను తెచ్చి ఎక్కడో వదిలేసి పోతే మూడు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి.

ఇదే చట్టం 19వ సెక్షన్‌లో జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, కనీసం 150 మంది పేద వృద్ధులకు సరిపోయేది, ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చునని రాశారు. ‘చేయాలి’ అని రాసి ఉంటే కథ వేరుగా ఉండేది.

అసలు లోటు ఇంకోచోట ఉంది. ప్రైవేటు ఆశ్రమానికి లైసెన్సిచ్చి, ఏటా తనిఖీ చేసి, ఇంతమందికి ఇంతమంది ఆయాలుండాలని నిర్దేశించే పద్ధతి ఈ చట్టంలో లేదు. 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు ఆశ్రమాలకూ, ఇంటికొచ్చి సేవచేసే ఏజెన్సీలకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయాలని, కనీస ప్రమాణాలు పెట్టాలని ప్రతిపాదించింది. మనోవర్తికున్న పదివేల పరిమితినీ ఎత్తేయాలంది. చట్టం కాకుండానే 17వ లోక్‌సభతో పాటు దానికీ కాలం చెల్లింది. అందుచేత గేటు మీద ‘రిజిస్టర్డ్’ అని నంబరుతో సహా కనిపిస్తే, అది ఎక్కువసార్లు 2001 నాటి సొసైటీల చట్టం కింద సంఘం పేరు నమోదైన నంబరే. లోపల పడకలు, వంట, మందులు ఎవరో చూసి సరేనన్నారని దానర్థం కాదు. నర్సింగ్ సేవ ఉందని చెప్పుకునే చోట ఇంకో కాగితం అడగవచ్చు: ప్రైవేటు వైద్య సంస్థలకు 2002 నాటి రాష్ట్ర చట్టం కింద ఇచ్చే రిజిస్ట్రేషన్.

కాలిఫోర్నియాలో ఉన్న తెలుగువాళ్ళకు బోర్డ్ అండ్ కేర్ ఇళ్ళు తెలిసే ఉంటాయి. మామూలు వీధిలో మామూలు ఇల్లే, ఆరుగురికి మించకుండా పెద్దవాళ్ళు, ఉండి చూసుకునే ఒకరిద్దరు సిబ్బంది. చూడ్డానికి మన చిన్న ఆశ్రమం లాగే ఉంటుంది. తేడా లైసెన్సులో ఉంది. ఆ ఇంటికి రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సివ్వాలి, తనిఖీలో దొరికిన తప్పులు ఎవరైనా చదువుకోవచ్చు, పెద్దవాళ్ళ తరఫున ఫిర్యాదు వినడానికి అంబుడ్స్‌మన్ ఉంటారు. ఇక్కడ ఆ తనిఖీ అధికారి పని కుటుంబమే చేయాలి.

కుటుంబం చేయాల్సిన తనిఖీ

చెప్పి వెళ్తే మధ్యాహ్నం పూట తీసుకెళ్ళి, కడిగిన వరండా, ఉతికిన దుప్పట్లు చూపిస్తారు. చెప్పకుండా సాయంత్రం ఆరున్నరకు వెళ్ళడం మేలు. పగటి సిబ్బంది ఇళ్ళకు పోయి, రాత్రి భోజనం వడ్డించే వేళ అది. ఎంతమందికి ఎందరు మిగిలారో కళ్ళారా తెలుస్తుంది. అప్పుడొక మంచం పక్కన నిలబడి చూస్తే చాలు. నీళ్ళ గ్లాసు చేతికందే దూరంలో ఉందా, కిటికీలో ఎక్కడో ఉందా? కాలి గోళ్ళు తీశారా? షుగరున్న మనిషి పాదం అడుగున పుండుంటే ఎవరైనా గమనించారా? మడమలు, నడుము కింది భాగం ఎర్రబడి ఉన్నాయా? కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే అక్కడే పడకపుండ్లు మొదలవుతాయి. ఫినాయిల్ వాసన మరీ ఘాటుగా ఉంటే అది శుభ్రతకు కాదు, మూత్రం వాసన కప్పడానికి కొట్టింది కావచ్చు. మందులు ఎవరి పేరు మీద వాళ్ళకు వేరే డబ్బాల్లో ఉండాలి, ఇచ్చిన వేళ ఒక పుస్తకంలో రాసి ఉండాలి. అందరి మాత్రలూ ఒకే బుట్టలో ఉన్న ఆశ్రమంలో ఇన్సులిన్ తీసుకునే మనిషిని చేర్చకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న రాత్రిది. రెండు గంటలకు మంచం మీంచి పడితే ఎవరు లేపుతారు? ‘వాచ్‌మన్ ఉంటాడు’ అనేది జవాబు కాదు. ఒక ఆయా రోజంతా అందుబాటులో ఉండాలంటే మూడు షిఫ్టులకు ముగ్గురు, వాళ్ళలో ఒకరు సెలవు పెడితే వచ్చే నాలుగో మనిషి కావాలి. ఇద్దరు ఆయాలతో ఇరవై నాలుగ్గంటల సేవ అని చెప్పే చోట ఆ ఇద్దరూ రాత్రి నిద్రపోతున్నట్టే లెక్క. ఆడవాళ్ళను కడిగి బట్ట మార్చేది ఆడమనిషేనా అన్నది కూడా మొహమాటపడకుండా అడగాలి. పెద్దామె తనంతట తాను ఈ మాట ఎప్పటికీ ఎత్తదు.

తర్వాత ఆసుపత్రి. ఉదయగిరిలో సామాజిక ఆరోగ్య కేంద్రం ఉంది, ఆత్మకూరులో అంతకన్నా పెద్ద ప్రభుత్వాసుపత్రి ఉంది. ఉదయగిరి నుంచి నెల్లూరు సుమారు వంద కిలోమీటర్లు. నెల్లూరు–బద్వేలు రహదారి మీదున్న ఆత్మకూరు నుంచి అందులో సగం. పక్షవాతం వచ్చిన మనిషికి నెత్తురు గడ్డ కరిగించే సూది నాలుగున్నర గంటల్లోపే పడాలి, అదీ తలకు స్కాన్ తీశాకే. ఆ లెక్కన గుండెజబ్బు, పక్షవాతం భయం ఉన్నవాళ్ళకు ఆత్మకూరు, సంగం వైపు ఆశ్రమం ఉదయగిరి కొండ కింది ఆశ్రమం కన్నా నయం. ఒంట్లో బాగుండి, తోడు మాత్రమే కావలసిన వాళ్ళకు మాత్రం సొంత ఊరి మనుషులు వచ్చిపోయే ఉదయగిరే మేలు. ఈ రెంటినీ కలిపి ఒకే సలహా ఇవ్వడం కుదరదు.

తిండి చిన్న విషయంగా కనిపిస్తుంది. సంగటి, పులుసు తిని పెరిగిన మనిషికి రోజూ ఇడ్లీ, సాంబారు పెడితే తిండి దిగదు. పళ్ళు లేనివాళ్ళకు అన్నం మెత్తగా వండుతారా అని అడగాలి. ఉదయగిరిలో ముస్లిం కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. మాంసం హలాలా, నమాజుకు చోటుందా అనేవి వాళ్ళకు ప్రధానమైన ప్రశ్నలు. చర్చి నడిపే చోట ప్రార్థనకు, మఠం నడిపే చోట భజనకు రాకపోతే ఊరుకుంటారా అన్నదీ తెలుసుకోవాలి. కొన్ని ఆశ్రమాలు ఒక కులం వాళ్ళనే చేర్చుకుంటాయి. జీవితమంతా ఊరి మధ్య బతికిన మనిషిని చివరి ఏళ్ళలో అటువంటి గోడల మధ్య పెట్టడం నాకు సరిగా తోచదు గానీ, అక్కడే హాయిగా ఉండే పెద్దవాళ్ళూ లేకపోలేదు.

పోయేది ఎవరో వాళ్ళను అడగకుండా ఈ చూడ్డాలన్నీ జరిగిపోవడం మన ఇళ్ళలో మామూలు. ‘ఆసుపత్రికి పోదాం రా’ అని చెప్పి తెచ్చి చేర్చిన మనిషి చాలాకాలం తలుపు వైపే చూస్తూ ఉంటాడు. ముందు ఒక నెల ఉండి చూసే ఏర్పాటు అడగాలి. నచ్చకపోతే డిపాజిట్‌లో ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోవాలి. ఫోను వాళ్ళ దగ్గరే ఉండనిస్తారా, చూడ్డానికి వేళలున్నాయా అన్నవి కూడా ఆ కాగితంలోనే ఉండాలి.

డబ్బు, పింఛను

2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. రోజుకు నూట ముప్పై చిల్లర. పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్ళకు 15,000, అర్హత ఉన్న దివ్యాంగులకు 6,000. మామూలుగా ఇంటికి ఒకటే పింఛను గనక దంపతులిద్దరికీ కలిపి ఆ నాలుగు వేలే దిక్కయ్యే ఇళ్ళు ఎక్కువ. ఆ డబ్బుతో తిండి గడుస్తుందేమో గానీ డైపర్లు, రాత్రి ఆయా రారు. మిగతాది పిల్లలు పంపాలి, లేదా దాతలు భరించాలి. నెల ఫీజు అడిగేటప్పుడు అందులో మందులు, డైపర్లు, ఆసుపత్రి తోడు, మంగలి ఖర్చు ఉన్నాయో లేవో విడివిడిగా అడగాలి.

పింఛనును ఒకటో తేదీన సచివాలయ సిబ్బంది ఇంటికి తెచ్చిస్తారు, మనిషి ఎదురుగా ఉండాలి. ఊరు మారితే పింఛనును కొత్త చోటి సచివాలయానికి బదిలీ చేయించుకోవడం ఆశ్రమంలో చేరకముందే చేసుకోవలసిన పని. పింఛను, ఏటీఎం కార్డు, వేలిముద్ర ఆశ్రమం చేతిలో పెట్టకూడదు. ‘ఫీజు కింద మేమే తీసుకుంటాం’ అంటే రసీదు అడగాలి. డెబ్బై దాటినవాళ్ళందరికీ ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి ఖర్చు భరించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు చివరలో మొదలైంది. చేరే రోజు సంచిలో ఆధార్‌తో పాటు ఆ కార్డు, చివరి డిశ్చార్జి సమ్మరీ ఉండాలి.

పొలం రాయించుకోవడం

ఉచితంగా జీవితాంతం చూస్తామని, బదులుగా ఎకరమో ఇంటి స్థలమో దానంగా రాయమని అడిగే చోట్ల జాగ్రత్త అవసరం. కొడుకులకు రాసినా ఇదే జాగ్రత్త. 2007 చట్టం 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలన్న షరతు మీద రాసిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించవచ్చు. ఆ షరతు ఉన్నట్టు చూపించాలని 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో, తల్లి కొడుక్కు రాసిన దానపత్రాన్ని రద్దు చేస్తూ, ఈ చట్టాన్ని పెద్దవాళ్ళ వైపు నుంచి ఉదారంగా చదవాలంది. అయినా షరతు దస్తావేజులో అక్షరాలా ఉంటేనే పని సులువు. ‘నమ్మకం మీద రాశాను’ అన్న మాటను ట్రిబ్యునల్ ముందు నిరూపించడం కష్టం. బతికుండగా రాసివ్వడం కన్నా వీలునామా మేలు. ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ఫిర్యాదు, చివరి రోజులు

పెద్దవాళ్ళ మీద చెయ్యి చేసుకున్నా, తిండి తగ్గించినా 14567కు ఫోను చేయవచ్చు. ఎల్డర్‌లైన్ పేరుతో 2021 అక్టోబరులో దేశమంతటా మొదలైన ఈ నంబరుకు తెలుగులోనే మాట్లాడవచ్చు. జిల్లా స్థాయిలో వయోవృద్ధుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల కార్యాలయం నెల్లూరులో ఉంటుంది. ఫిర్యాదు పెట్టేముందు మనిషిని అక్కడి నుంచి తీసుకురావడానికి ఇంకో చోటు చూసి పెట్టుకోవాలి. మిగిలిన ఆశ్రమవాసులు మాట్లాడటానికి జంకుతారు, వాళ్ళకు పోవడానికి వేరే చోటు లేదు.

చావు మాట ఎత్తడం అపశకునమని చేర్చే రోజున ఎవరూ అడగరు. అడగకపోతే అర్ధరాత్రి ఫోనొచ్చినప్పుడు తెలుస్తుంది. ఖననమా దహనమా, కబురు ముందు ఎవరికి చేయాలి, ఊరికి తేవాలా అక్కడే కార్యం జరిపించాలా అన్నవి చేరే దరఖాస్తులోనే రాయించాలి. ప్రభుత్వాసుపత్రిలో పోయినవాళ్ళ భౌతికకాయాన్ని ఉచితంగా ఇంటికి చేర్చే మహాప్రస్థానం వాహనాలు ఆశ్రమంలో పోయినవాళ్ళకు రావు. నెల్లూరు నుంచి ఉదయగిరికి ప్రైవేటు బండి మాట్లాడుకోవాల్సిందే. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, అదీ మనిషి పోయిన చోటి పంచాయతీ లేదా మునిసిపాలిటీలోనే, సొంత ఊళ్ళో కాదు. పొలం పాసుపుస్తకం పేరు మారడానికి, భార్యకు పింఛను రావడానికి ఆ ధ్రువపత్రమే కావాలి. దాన్ని ఎవరు తెచ్చిపెడతారో ఆశ్రమం వాళ్ళతో ముందే మాట్లాడుకోవాలి.